పచ్చగా చచ్చిన ఆకు

"మీ అక్క చచ్చిపోయిందటయ్యా" అని ఫోను పెట్టేస్తూ స్టేషన్ రైటరు చెప్పేసరికి, కానిస్టేబుల్ పార్జో చేతిలోని సోయాగింజల తెంపే వేపుడు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏడవాలన్నా నోరే కావాలి, తినాలన్నా నోరే కావాలి. పార్జో ఒక్క క్షణం ఎటూ తేల్చుకోలేక, ముక్క మింగేసి మరీ ఏడ్చాడు.

ఫోను చేసింది ఎవరో ఆడమనిషి. లైనంతా గరగర. "పార్జోకి చెప్పండి, మన అక్క చచ్చిపోయింది" అన్న ఒక్క మాటనీ ఏడుపులో ముంచి తేల్చి పెట్టేసిందట. పార్జోకి ఉన్నది ఒక్కతే అక్క, తుమినీ. సుంబింగ్ కొండ వాలున కలిసారి ఊళ్ళో దర్మాజి అనే పొగాకు రైతు భార్య. మొన్న పండక్కి వచ్చి తమ్ముణ్ణి కడుపునిండా తిట్టి వెళ్ళిన మనిషి. దగ్గు కూడా లేని మనిషి.

ఇన్‌స్పెక్టర్ పలుపి జీపు తాళాలు తీసుకుంది. పేరుకు తగ్గ మనిషి ఆవిడ. ఆమె ప్రశ్న మెడకు పడిందంటే పలుపు పడ్డట్టే, ఇక రాట దగ్గర్నుంచి కదలడం ఉండదు. అవతలి కొండ సిందోరో మీద పొగాకు ఇంట్లో పుట్టింది. పొగాకు నలుసు పడని అన్నం కూడా ఉంటుందని బడికి వెళ్ళేదాకా తెలియకుండా పెరిగింది.

"మిగతా ఏడుపు దారిలో ఏడుద్దువుగాని, ఎక్కు" అంది.

కలిసారిలో దర్మాజి ఇంటి ముందు జీపు ఆగీ ఆగగానే, చచ్చిపోయిన అక్కే నెత్తిన ఆకు ఆరబెట్టే వెదురు తడికె పెట్టుకుని ఎదురొచ్చింది.

పార్జో ఆమె భుజాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బతికే ఉన్నావా అక్కా?"

"ఏం, నీకేమన్నా ఇబ్బందా?" అంది తుమినీ.

మామూలుగా అయితే ఆ మాట తోక పట్టుకుని ఇంకో పది మాటలు రావాలి. రాలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫోను చేసింది నువ్వేనా అని పలుపి అడిగితే, జవాబుకి ముందు మొగుడి మొహం చూసింది. చెయ్యలేదంది. తడికె దించేసి రెండు చేతులూ శాలువా కిందకి లాక్కుంది. ఎండ వీపు మీద చురుక్కుమంటున్న వేళ, శాలువా.

దర్మాజి లుంగీ సర్దుకుంటూ నవ్వుతూ వచ్చాడు. పేరులో ఉన్న ధర్మం పేరులోనే ఉండిపోయిన రకం నవ్వు. ఆ కొండల్లో మర్యాదకి ఆడవాళ్ళని 'బు' అనీ మగవాళ్ళని 'పాక్' అనీ అంటారు. "ఫోన్లు చేసే తీరిక ఎక్కడిది బు పలుపి? రాత్రంతా ఆకు తరుగుడు కోతలో ఉన్నాం. అయితే చావు మాట అబద్ధం కాదు. చచ్చిన మనిషే వేరు" అని కింది మడి వైపు గడ్డంతో చూపించాడు.

గ్రేడరు మంగున్ చచ్చిపోయాడు. వితంతువు సులస్మి ఇంటి వెనక రాతిగట్టు కింద పడి ఉన్నాడు.

ఆ కొండ మీద ఎవరి ఆకు ఏ రకమో తేల్చేది మంగున్ ముక్కు. కొనుగోలుదారు లారీలో ఏ బుట్ట ఎక్కాలో, ఏ బుట్ట ఇంట్లోనే మిగలాలో ఆ ముక్కు చెప్పాలి. ముక్కుసూటి మనిషి అని సగం ఊరు, ముక్కుపొగరు మనిషి అని తక్కిన సగం. ఏ ఏడు ఎవరి బుట్ట లారీ ఎక్కిందన్న దాన్ని బట్టి సగాలు మారుతుండేవి. సులస్మి మాత్రం ఎప్పుడూ మారలేదు.

సులస్మి వాకిట్లోకి పలుపి దిగేసరికి, జిల్లా కేంద్రం నుంచి వచ్చిన హెంద్రాతో అనే ఇన్‌స్పెక్టర్ ఆమెకి అప్పటికే బేడీలు వేసి అరుగు మీద కూర్చోబెట్టాడు. సీజను బందోబస్తుకని పక్క ఊళ్ళో మకాం వేసి ఉన్నాడు కాబట్టి ఊరిపెద్ద కబురు ముందు ఆయనకే అందింది. పలుపి మీద ఆయనకి పాత మంట ఒకటుంది. పోయిన ఏడు ఆయన పట్టుకున్న బుట్టల దొంగను ఆమె వదిలిపెట్టించి, అసలు దొంగను ఆయన జీపు డ్రైవరు సీట్లోంచి దింపింది.

"మీరు ఆలస్యంగా వచ్చారు బు. కేసు ముగిసింది" అన్నాడు బూట్లకంటిన పొగాకు నలుసుల్ని కర్రతో దులుపుకుంటూ.

"చచ్చిన మనిషి ఇంకా నేల మీదే ఉన్నాడు పాక్ హెంద్రాతో. ఆయన్ని లేపకముందే కేసుని పడుకోబెట్టేశారా?"

ఫోను సంగతి పార్జో నోట విని, ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చాడు. ఈవిడకి మంగున్ మీద పగ ఉందని ఊరంతటికీ తెలుసు. శవం ఈవిడ పెరట్లో ఉంది. పైగా ఊళ్ళో చిన్నా పెద్దా ఈవిణ్ణి 'అక్క' అనే పిలుస్తారు. మన అక్క చచ్చిపోయింది అంటూ పొద్దున్నే మీ స్టేషనుకి ఏడ్చిందెవరో గాని, ఈవిడ పని అయిపోయిందని తెలిసినవాళ్ళే. మధ్యాహ్నం నమాజు వేళకి జిల్లా నుంచి వ్యాను వస్తుంది, ఎక్కించడమే తరువాయి.

"పొగ ఉన్నచోట నిప్పుంటుంది. పగ ఉన్న ప్రతిచోటా శవం ఉంటే ఈ కొండ మీద ఆకు కోయడానికి మనిషి మిగలడు" అని పలుపి గట్టు దిగింది.

మంగున్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఒకే దెబ్బ. ఒళ్ళంతా తడిసి ముద్దయింది గాని, కిందికి చెయ్యి పోనిస్తే పొట్ట కింద మట్టి పొడిపొడిగా ఉంది. మంచు దిగకముందే పడిపోయాడన్నమాట. చీకటి పడ్డాక కొద్దిసేపటికే. పై మళ్ళ నుంచి వచ్చే కాలిబాట ఆ గట్టు మీదుగా సులస్మి పెరటి తలుపు దగ్గరికి దిగుతుంది. ఆయన తల పెరటి తలుపు వైపుంది. దిగుతున్న మనిషిని వెనక నుంచి కొట్టారు. అంటే కొట్టినవాడు కూడా పై నుంచే వచ్చాడు.

"చుట్టూ తిరిగొచ్చి ఉంటుంది" అన్నాడు హెంద్రాతో గట్టు మీద నుంచే.

"మీరు బూట్లు పాడవుతాయని చుట్టూ తిరుగుతారు, అందరూ తిరుగుతారనుకోకండి" అంటూ పలుపి శవం చొక్కా జేబులో వేళ్ళు పెట్టింది. ఎండు మొక్కజొన్న పొత్తి రేకుల్లో చుట్టిన చిన్న పొట్లాలు రెండు దొరికాయి. రెండింటిలోనూ తరిగిన పొగాకు, నల్లగా నిగనిగలాడుతోంది. ఒకటి పాతది, వేళ్ళు తగిలితేనే పొడి అవుతోంది. రెండోది మెత్తగా, ఈ ఏటి పంటలా ఉంది.

గ్రేడరు జేబులో పొగాకు కాక పొన్నపువ్వులుంటాయా అని పైనుంచి హెంద్రాతో వెటకారం చేశాడు. పలుపి పట్టించుకోలేదు. చేతిరుమాలు తడిపి, రెండు పొట్లాల నుంచి చెరో చిటికెడు దాని మీద అద్దింది. మాగబెట్టిన పోగు వేడికి దానంతటది నల్లబడ్డ ఆకు నుంచి తేనె రంగు దిగుతుంది. ఇక్కడ రుమాలు మీద రెండు నీలినల్ల మచ్చలు దిగాయి. అచ్చంగా ఒకటే మచ్చ, రెండుసార్లు.

రుమాలు మడిచి దాచుకుని అరుగు దగ్గరికి వచ్చింది.

సులస్మి పగ సంగతి చెప్పనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. నాలుగేళ్ళ కిందట ఆమె భర్త కర్యో బుట్టలో మంగున్ చెయ్యి పెట్టాడు, వాసన చూశాడు, వేలు తడిపి రుద్దాడు, అందరి ముందూ 'రంగు కలిపిన సరుకు' అన్నాడు. అంతే. కర్యో ఆకుని ఆ తర్వాత ఎవరూ ముట్టలేదు. కర్యో అన్నాన్ని ముట్టలేదు. వానలు మొదలయ్యేసరికి పోయాడు. మరుసటి ఏడు తొలి ఆకు తెంపే రోజున, ఆనవాయితీ ప్రకారం పసుపన్నం కుప్ప పోసి, ఇంట్లో పోయినవాళ్ళకి పళ్ళెం పెట్టేటప్పుడు, సులస్మి మొగుడి పళ్ళెం పక్కన ఇంకో పళ్ళెం పెట్టింది. "ఇది మంగున్‌కి" అంది, ఊరంతా వినేలా. మంగున్ అప్పటికి బతికే ఉన్నాడు. ఆ పూట ఆ వీధినే నడిచి వెళ్ళాడు కూడా. ఏటేటా అదే పళ్ళెం, అదే పేరు.

"నువ్వు చంపావా అక్కా?" అని పలుపి సూటిగా అడిగింది.

సులస్మి నవ్వింది. "నాలుగేళ్ళు పళ్ళెం పెట్టాను, ఇప్పటికి వచ్చి కూర్చున్నాడు. నేను చంపలేదమ్మా. అలాగని నాకేం సంబంధం లేదని మాత్రం రాసుకోకు. నా తిండి ఊరికే పోలేదు."

"విన్నారుగా" అన్నాడు హెంద్రాతో.

పలుపి ఇంటి లోపలికి నడిచింది. వెనక గదిలో నేల మీద గడ్డి పరిచి, ఆకుల్ని చుట్టలు చుట్టి నిలబెట్టి, పైన గోనెలు కప్పి మాగబెట్టిన పోగు ఉంది. చెయ్యి దూర్చింది. జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్ళులా ఉంది. ఒక చుట్ట లాగి విప్పితే పసుపు నిండి, అంచుల్లో గోధుమ రంగు మొలుస్తోంది. తీపి వాసన. ఈ రాత్రే కోత. రేపటికి ఆగితే ముక్కిపోతుంది, ఎల్లుండికి కుళ్ళు.

బయటికి వచ్చి, పోగు విప్పే రాత్రి ఇదేనా అని అడిగింది.

ఆ మాటతో సులస్మి మొహంలో నవ్వు ఆరిపోయింది. బేడీల చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ తలుపు వైపే చూసింది. "చూశావుగా. చంపదలచుకున్నదాన్నయితే రేపు చంపేదాన్ని. నాలుగేళ్ళు ఆగినదాన్ని ఒక్క రాత్రి ఆగలేనా? పోగు విప్పే ముందు రోజు ఏ పిచ్చిది మనిషిని చంపుతుంది? మా ఆయన పోయాక మళ్ళీ ఆయన చేతి రంగు తెచ్చుకున్న ఆకిది. నన్ను వ్యాను ఎక్కిస్తే ఇది లోపల కూర్చుని కుళ్ళుతుంది. మళ్ళీ కర్యో పేరే కుళ్ళుతుంది."

అరుగు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. హెంద్రాతోకి మాత్రం ఇది సాక్ష్యంలా వినపడలేదు. చీకటి పడ్డాక ఊళ్ళో ఎవరెక్కడున్నారో తాను కనుక్కున్నానని, అందరూ ఇళ్ళల్లో కుటుంబాలతో ఉన్నారని, పై ఇంటి దర్మాజి అయితే రాత్రి ఇషా నమాజు కాగానే కోతకి కూర్చుని తెల్లవార్లూ లేవలేదని, కత్తి చప్పుడు ఊరంతా విన్నదని చెప్పాడు.

పలుపి కళ్ళు చిన్నవయ్యాయి. "ఇషా కాగానేనా? కోతకా?"

"అయితే ఏం?"

"ఏం లేదు. మీరు పొద్దున తాగే టీని ముందురోజు సాయంత్రమే కాచుకుంటారా పాక్?"

తరిగిన ఆకు తొలి ఎండకి తడికె మీద ఉండాలి. అందుకని తొలికోడి ముందు కత్తి పడుతుంది గాని, అన్నాలు తినకముందు పడదు. ముందే తరిగితే తెల్లారేదాకా ముద్దగా పడి ఉంటుంది. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఎవరింట్లో కోతైనా చుట్టుపక్కల ఆడవాళ్ళని పిలుస్తారు. ఒకరు తరుగుతుంటే పదిమంది తడికెల మీద పరుస్తారు, మధ్యలో వేడివేడి అన్నం పెడతారు. దర్మాజి కోతకి పిలుపు వచ్చిందా అని పలుపి అరుగు చుట్టూ అడిగింది. రాలేదన్నారు. వంటకి భయపడ్డాడేమో, పిసినారి అంది ఒక ముసలమ్మ.

"పదండి, ఆ కోత చూద్దాం" అంది పలుపి. హెంద్రాతో విసుక్కుంటూ సులస్మిని కూడా నడిపించాడు. వెనక ఊరు నడిచింది.

వాలంతా తడికెలే. ఇరుగుపొరుగు తడికెల మీద ఆకు కాగిన తాటిబెల్లం రంగులో మెరుస్తోంది. మధ్యలో దర్మాజి తడికెలు. గరిక పరిచినట్టున్నాయి. ఆయన పెళ్ళిలో పచ్చగా ఉండమని దీవించినవాళ్ళెవరో మరీ గట్టిగా దీవించినట్టున్నారు. ముసలమ్మ దగ్గరికెళ్ళి చూసి, చావు ఇంట్లో అడుగుపెట్టినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఈ రంగేమిటని పలుపి అడిగితే కొండ చలి అన్నాడు దర్మాజి. చలికి పోగు వేడెక్కలేదన్నాడు. పలుపి లోపలికెళ్ళి, తరగకుండా మిగిలిన పోగులో చెయ్యి పెట్టి వచ్చింది. పోగు వెచ్చగా ఉంది, తన పని తాను చేసుకుంటోంది. పక్కింటి పోగు కూడా ఇదే చలిలో పండిందిగా అంది.

అయితే ఆకే ముదరకుండా తెంపి ఉంటామన్నాడు. పలుపి పోగులోంచి తెచ్చిన ఆకు చూపించింది. ఈనె తెల్లబడి, కొసన మచ్చలు పడిన ముదురాకు. వేలికి చుడితే పుటుక్కున విరిగింది.

మబ్బు పట్టిందేమో, ఎండ చాల్లేదేమో అన్నాడు.

"ఎండ చాలకపోతే బూజు పడుతుంది, ముక్కిపోతుంది. గరికలా నవ్వుతూ కూర్చోదు" అంది పలుపి. "పసుపు తిరగకముందే తరిగి ఆరబెడితేనే ఈ రంగు. రంగు మారాలంటే ఆకులో కాస్త ప్రాణం ఉండాలి దర్మాజీ. ఊపిరి ఉండగానే చంపేస్తే పచ్చగానే చస్తుంది. ఇంకో రెండు రోజులాగితే బంగారమయ్యే పోగు నీది. ఎందుకు కోశావు?"

"లారీ వస్తుందని, తొందరలో..."

"లారీతో ఎవరొస్తారు?"

దర్మాజి లుంగీ మళ్ళీ సర్దుకున్నాడు.

"ఈ పొద్దున మంగున్ రావలసింది నీ వాకిట్లోకే. దారి పొడుగునా ఊరు చెబుతూనే ఉంది. ఈ గరికని ఆ ముక్కు ముందు పెట్టే ధైర్యం ఏ రైతుకుంటుంది? ఆ ముక్కు ఇక రాదని తెలిసినవాడికి తప్ప."

హెంద్రాతో బూట్లు దులుపుకోవడం మానేశాడు.

"ఇది పచ్చి అబద్ధం" అన్నాడు దర్మాజి.

"పచ్చి ఏదో తడికెల మీద కనిపిస్తూనే ఉంది. చేతులు చాపు."

అతను చాపాడు. పలుపి ఆ అరచేతుల్ని వెలుతురులోకి తిప్పింది. తరిగేవాడు చెక్క చట్రంలోకి ఆకు చుట్టని ఎడమ చేత్తో నెడుతూ, కుడిచేత్తో కత్తి దించుతాడు. ఒక్క రాత్రి కోతకి ఎడమ అరచేయి తారు పూసినట్టు నల్లబడుతుంది. సబ్బుకి పోదు, సున్నానికి పోదు, తొక్క ఊడినప్పుడే పోతుంది. దర్మాజి ఎడమ అరచేయి నిక్షేపంగా ఉంది.

"తుమినీ, శాలువా తియ్యమ్మా" అంది పలుపి, మెల్లగా.

తుమినీ తీసింది. ఎడమ అరచేయి మణికట్టుదాకా నల్లగా ఉంది. కుడిచేతి నిండా కత్తిపిడి బొబ్బలు.

"కత్తి చప్పుడు ఊరంతా విన్నారు. కత్తి పట్టినదెవరో ఎవరూ చూడలేదు" అంది పలుపి హెంద్రాతో వైపు తిరిగి. "అందుకే కోతకి పిలవలేదు. ఇన్నాళ్ళూ ఈయన నోటితో కోతలు కోశాడు. నిన్న రాత్రి కోత పెళ్ళాంతో కోయించి, తాను గట్టు దిగాడు."

దర్మాజి ఒక్క గెంతులో గుమ్మం దగ్గరి తరుగుడు కత్తి అందుకోబోయాడు. పార్జో, అక్క బతికున్నందుకు పొద్దుట్నుంచీ ఏంచెయ్యాలో తోచక ఒక తడికె పట్టుకుని తిరుగుతున్నాడు. దాన్ని బావగారి నెత్తిన బోర్లించాడు. పచ్చ పొగాకు మొహమంతా కమ్ముకుని దర్మాజి తుమ్ముతూ కూలబడ్డాడు. హెంద్రాతో మనుషులు చేతులు విరిచి పట్టుకున్నారు.

పలుపి రుమాలు విప్పి రెండు నీలి మచ్చలూ తుమినీకి చూపించింది. ఆమె మొగుడి వైపు చూడకుండా చెప్పింది. కర్యో బతికున్న రోజుల్లో అతని బుట్టలు తొక్కి దట్టించడానికి సాయం వెళ్ళింది దర్మాజియే. కర్యో ఆకు దానంతటది నల్లబంగారం అవుతుంటే చూసి ఓర్వలేక, దట్టించేటప్పుడు రంగునీళ్ళు చల్లి వచ్చాడు. ఈ ఏడు తన తొలి కోత సరుకుకి వన్నె తేవడానికి ఆ రంగే మళ్ళీ వాడాడు. పోయిన వారం మంగున్ ఈయన బుట్టలో చెయ్యి పెట్టాడు. నాలుగేళ్ళుగా కర్యో సరుకు పొట్లం ఒకటి ఎందుకో పారెయ్యలేక దాచుకున్న మనిషి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. నిన్న పొద్దు గూకాక వచ్చి రెండు పొట్లాలూ చాప మీద పెట్టాడు. తెల్లారి ఇదే వాకిట్లో అందరి ముందూ నిజం చెబుతానన్నాడు. ముందు కిందికెళ్ళి సులస్మి కాళ్ళ మీద పడాలని లేచాడు.

"ఆయన గడప దాటగానే ఈయన నాకు కత్తి ఇచ్చాడు. తరుగుతూ ఉండు, ఆపితే చంపుతానన్నాడు. బుట్టలు దట్టించే దిమ్మిస పట్టుకుని వెళ్ళాడు. ఎందుకో నాకు చెప్పలేదు. నేనడగలేదు" అంది తుమినీ.

"నీ కోసమే చేశానే. పరువు పోతే నువ్వెలా బతుకుతావని" అన్నాడు దర్మాజి నేల మీంచి.

తుమినీ వంగి, తడికెలోంచి రాలిన పచ్చ పొగాకుని గుప్పిట్లోకి ఎత్తుకుంది. "నా చేత్తో నారు పోశాను. నా చేత్తో నీళ్ళు మోశాను. నా చేత్తోనే చంపించావు. దీన్ని పారబొయ్యను. నువ్వు జైల్లో ఉన్నన్నాళ్ళూ నెలకో పొట్లం తెచ్చిస్తాను. చుట్టుకుని పీల్చు. గొంతులో మండినప్పుడల్లా నేను గుర్తొస్తాను."

అప్పటిదాకా కదలకుండా నిలబడ్డ సులస్మి ఒక్క ప్రశ్న అడిగింది. "నన్ను క్షమించమనడానికి వస్తున్నాడా మంగున్?"

పలుపి అవునంది.

"పెరటి తలుపు కూడా అందనివ్వలేదు" అంది సులస్మి తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత బేడీలు హెంద్రాతో ముందుకి చాపింది. ఆయన తాళం తీశాడు. ఆమె వాటిని తన చేత్తోనే దర్మాజి దగ్గరికి తెచ్చి పోలీసులకిచ్చింది.

"మంగున్ పళ్ళెం అలాగే ఉంటుంది. ఇప్పుడు నిజంగా చచ్చాడు కాబట్టి నిజంగానే పెడతాను, కాస్త మంచి కూర వేసి. దాని పక్కన ఇంకోటి చేరుతుంది దర్మాజీ. జైల్లో నీకు వాళ్ళు పెడతారు. ఇక్కడ నేను పెడతాను. నీ పేరు నా నోట్లో నానుతూనే ఉంటుంది. మంగున్‌కి నాలుగేళ్ళు పట్టింది. నువ్వు ఇంకా గట్టివాడివి, చూద్దాం."

దర్మాజి మొహం తన తడికెల రంగులోకి తిరిగింది.

సులస్మి ఊరి వైపు తిరిగి గొంతెత్తింది. "ఈ రాత్రి మా ఇంట్లో కోత. తొలికోడి ముందే. అందరూ రండి. అన్నం నాది." ముసలమ్మ ముందుగా వస్తానంది. తర్వాత అందరూ అన్నారు. తుమినీ తలెత్తలేదు. సులస్మి ఆమె దగ్గరికెళ్ళి, నల్లబడ్డ ఆ ఎడమచేతిని తిరగేసి చూసి, "చేయి ఎలాగూ నల్లబడే ఉంది, నువ్వు కూడా రా" అంది.

దర్మాజిని జీపెక్కించారు. పార్జో మాత్రం ఎక్కడం లేదు. పొద్దుట్నుంచీ గొంతులో అడ్డం పడ్డ తెంపే ముక్కలాంటి సందేహం అతనికి ఇంకా దిగలేదు. "అన్నీ తేలాయి బు. మరి మా అక్క చచ్చిపోయిందని ఫోను చేసిందెవరు?"

ఊరంతా ఆగింది. హెంద్రాతో కూడా తల తిప్పాడు. అక్క అంటే సులస్మి అని పొద్దున్నే సిద్ధాంతం చేసింది ఆయనే కదా.

తుమినీ ముక్కు తుడుచుకుంది. "నేనేరా. తెల్లారాక తడికెలు చూశాను. ఆయన ఇంకా తడికెలు మోస్తూ బయటున్నాడు. వింటాడేమోనని శాలువా నోట్లో కుక్కుకుని చేశాను. అక్క అన్లేదు. మన ఆకు చచ్చిపోయింది అన్నానురా. ఆకు."

ముసలమ్మ కిసుక్కుమంది. ఆ నవ్వు వాలు మీద ఒక మడి నుంచి ఇంకో మడికి పాకింది. హెంద్రాతో మాత్రం జీపు చక్రాన్ని తనిఖీ చేస్తున్నట్టు వంగిపోయాడు. పార్జో నవ్వాలో ఏడవాలో తెలియక, "ఆకు చస్తే ఎవరైనా పోలీసు స్టేషనుకి ఫోను చేస్తారా అక్కా?" అన్నాడు.

నవ్వులు తగ్గేదాకా తుమినీ ఆగింది. గుప్పిట్లోని పచ్చ పొగాకుని కొంగున ముడేసుకుంటూ జీపులో ఉన్న మొగుడి వంక చూసింది.

"ఇంకెవరికి చెయ్యమంటావురా? చంపినవాడు ఇంట్లోనే ఉన్నాడు."